అన్నీ తెలిసిన మాటలే

ఆ కాగితంలో నాకు తెలియని మాట ఒక్కటి లేదు. నా ఒళ్ళు మండించిన సంగతి అదే. తెలియని మాటలుంటే సరే, నా చదువు ఇంతే అనుకుని ఊరుకునేదాన్ని. టోల్డ్ అని ఉంది, పక్కన ఆఫ్ అని ఉంది. ఆఫ్ అంటే నాకు తెలీదా? ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో రోజుకు వందసార్లు మెషిన్లు ఆఫ్ చేస్తున్న చెయ్యి నాది. అప్, డౌన్, ఆన్, అవుట్, అన్నీ మా గోడల మీదా మీటల మీదా ఎర్రరంగుతో రాసి ఉన్న మాటలే. పదో తరగతి దాకా చదివినదాన్ని, కూడబలుక్కుని చదవగలను. చదివాను, సంతకం పెట్టాను. ఏం చదివానో మాత్రం పదకొండు నెలల తర్వాత మా వదిన వచ్చి అడిగేదాకా నాకు తెలియలేదు.

మా వదినంటే మా అన్నయ్య భార్య. ఇద్దరం ఒకే లాండ్రీలో, ఒకే షిఫ్టులో, రోలరు దగ్గర పనిచేసేవాళ్ళం. ఉతికి పిండిన దుప్పట్లు తడితడిగా బండిలో వస్తాయి. మేమిద్దరం చెరో కొసా పట్టుకుని, సాగదీసి, వేడి రోలరు కిందికి అందిస్తాం. అవతలి వైపు ఇంకో ఇద్దరు అందుకుని మడతలు పెడతారు. ఎప్పుడు వదలాలో ఒకరికొకరం నోటితో చెప్పుకోనక్కర్లేదు, దుప్పటి బిగువే చెబుతుంది. మా వదిన పట్టుకుంటే దుప్పటి మీద ఒక్క ముడత ఉండేది కాదు.

ఆ రోలరుకి ముందు, చేతుల ఎత్తున, సన్నటి ఇనప కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. దానికి వేలు తగిలితే చాలు, రోలరు ఠక్కున ఆగిపోవాలి. చేతులు లోపలికి పోకుండా కాపాడ్డానికే దాన్ని పెట్టారు. అయితే దుప్పటి ముడత తగిలినా ఆగుతుంది. ఆగిందంటే మళ్ళీ తిరగడానికి పది నిమిషాలు. వార్డులకి దుప్పట్లు ఆలస్యమవుతాయి, పైవాళ్ళు మేనేజర్ని అంటారు. అందుకని మా మేనేజరు ఒకరోజు మెకానిక్కుని పిలిపించి, ఆ కడ్డీని తీగతో పైకి కట్టించేశాడు. తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు తీగ విప్పి మేకుకు తగిలించేవాళ్ళం. వాళ్ళు గేటు దాటగానే మళ్ళీ కట్టేసేవాళ్ళం. ఈ సంగతి మడతలు పెట్టేవాళ్ళకి తెలుసు, బండ్లు తోసేవాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత దాచానని అనకండి.

ఒకరోజు పొద్దున్న పదకొండు గంటలకి మా వదిన కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. కడ్డీ కిందికి ఉండుంటే వేళ్ళ దగ్గరే ఆగేది. మణికట్టు దాకా పోయింది. నేను ఉరికి ఎర్ర మీట నొక్కాను. తర్వాత చాలాసేపు ఆవిడ అరిచిందో నేను అరిచానో నాకు గుర్తులేదు.

మూడోరోజు మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి, కుర్చీ చూపించాడు. "జరిగిందంతా రాశానమ్మా. పక్కనున్నదానివి నువ్వే కాబట్టి నీ మాటగా రాశాను. ఇది పైకి వెళ్తేనే మీ వదిన ఫైలు కదులుతుంది. చదువుకుని పెట్టు," అన్నాడు. పెద్దమనిషి, చదువుకోమన్నాడు కూడా. నేను వేలు పెట్టి చదివాను. హ్యాండ్ ఉంది, రోలర్ ఉంది, టైడ్ అప్ ఉంది, ఆఫ్ ఉంది. చెయ్యి, రోలరు, కట్టేసిన కడ్డీ, ఆఫ్ చేసిన నేను. జరిగింది అదేగా! ఎవరు ఎవరిని ఏం చేశారన్నది మధ్యలో ఉన్న చిన్నచిన్న మాటల్లో దాక్కుని ఉంటుందని నాకేం తెలుసు? సంతకం పెట్టాను. వదినకి మేలు చేశానన్న తృప్తితో బయటికొచ్చాను కూడా. తర్వాతి నెలలో నన్ను షిఫ్టు ఇన్‌ఛార్జిని చేశారు. ఇరవై రెండేళ్ళ చాకిరీకి ఇన్నాళ్ళకి విలువ కట్టారనుకున్నాను. నా అంత తెలివైనది ఇంకొకత్తి ఉంటే చూపించండి.

వదిన చెయ్యి మానింది గానీ మూడు వేళ్ళు ముడుచుకుపోయాయి. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని మా మడతలవాళ్ళలో ఒకత్తి నవ్వుతూ అంటే, ఆ రోజు దాని నోరు మూయించడానికి నాకు సగం షిఫ్టు పట్టింది. పదకొండు నెలలకి పై ఆఫీసు నుంచి కవరు వచ్చింది. ఇంకో నాలుగు వారాల్లో విచారణ, తప్పు ఆవిడదని తేలితే ఉద్యోగం పోయినట్టే, కాదని తేలితే చిరుగులు కుట్టే విభాగంలో కూర్చోబెడతారు. ఒంటిచేత్తో అయినా మెషిను కుట్టగలనని ఆవిడ అప్పటికే ఇంట్లో నేర్చుకుంటోంది. కవరులో రెండో కాగితం నా సంతకంతో ఉన్నది.

దాన్ని పట్టుకుని వదిన మా ఇంటికొచ్చింది. నీళ్ళిస్తే తాగలేదు.

"అమ్మాయ్, కింద నీ సంతకం ఉంది. పైన ఏముందో చెప్పు," అంది.

చెప్పలేకపోయాను. ఫోను తీసి కాగితం ముందు పెట్టాను. ఫోను తెలుగులో చెప్పింది. 'ఆమె దాన్ని బ్రష్ చేసి మోసుకు వెళ్ళింది. ఆమెకు రెండుసార్లు ఆఫ్ చెప్పబడింది. తర్వాత ఆమె పైకి సొంతం చేసుకుంది.'

వదిన మొహం పాలిపోయింది. "నేనేం మోసుకెళ్ళానే? ఏం సొంతం చేసుకున్నాను? దుప్పట్లు ఎత్తుకెళ్ళానని రాశారా?"

నవ్వు రావాల్సిన మాటే. ఆవిడ మొహం చూస్తే రాలేదు. ఇద్దరం కిందికి దిగి టైపు మాస్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మా బిల్డింగు కింది వాటాలో ఉంటాడు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు, ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ళకి అర్జీలు రాసిపెడతాడు. కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది నువ్వు చెప్పిన సాక్ష్యమా?" అని నన్ను అడిగాడు.

ఆయన తెలుగులో చెప్పిన దాని సారాంశం ఇది. కడ్డీని తీగతో కట్టింది మా వదినే, పని తొందరగా తెమలాలని. అది ప్రమాదమని నేను ఎత్తిచూపాను. ఆవిడ నా మాట కొట్టిపారేసి, అలాగే పని సాగించింది. అంతకుముందే రెండుసార్లు మేనేజరు చీవాట్లు పెట్టాడు. చెయ్యి కాలాక తప్పు తనదేనని నా ఎదుట ఒప్పుకుంది. ఇదంతా నేను చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను.

వదిన నావైపు తిరిగింది. "నువ్వు చదివే పెట్టావా?"

"చదివే పెట్టాను వదినా."

అబద్ధమాడి ఉంటే బాగుండేదేమో. ఆవిడ కాగితం అక్కడే బల్ల మీద వదిలేసి, ముడుచుకున్న చెయ్యి కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మా అన్నయ్య అయితే ఆ రోజు నుంచి నా ఫోనే ఎత్తలేదు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మేనేజరు మీద కోపం సరే, వాడిది దొంగే దొంగా దొంగా అని అరిచిన తీరు. నా మీద నాకు కోపం సరే. అన్నిటికంటే ఎక్కువ కోపం ఆ భాష మీద వచ్చింది. నాకు పరిచయం ఉన్న మాటల్నే జతలు కట్టి, నా కళ్ళెదుటే నడిపించి, నా వదిన మీదికి తోలింది. టోల్డ్ అంటే చెప్పడం, ఆఫ్ అంటే ఆపడం. రెండూ కలిస్తే చీవాట్లు ఎలా అవుతుంది? ఎవడిచ్చాడు ఆ హక్కు?

"మాస్టారూ, నాకిది నేర్పండి," అన్నాను.

"అర్థం చెప్పానుగా."

"అర్థం చెప్పించుకున్నాను. ఆ మేనేజరూ ఒకసారి చెప్పాడు అర్థం. రేపు విచారణ ఇంగ్లీషులో జరుగుతుందిట, వాళ్ళడిగింది నాకూ, నేను చెప్పింది వాళ్ళకీ తనే చెబుతాడుట. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టు. నా చెవులతో నేను వినాలి."

మరుసటిరోజు నుంచి నాలుగింటికి షిఫ్టు దిగి, చేతుల సబ్బువాసన పోకముందే మాస్టారి ముందు నోట్‌బుక్కు తెరిచేదాన్ని. ఆయన మంచివాడే గానీ ఆయన పాఠం నాకు పరమ చికాకు. గివ్ అంటే ఇవ్వడం. గివ్ అప్ అంటే వదులుకోవడం. గివ్ ఇన్ అంటే లొంగిపోవడం. గివ్ అవే అంటే గుట్టు బయటపెట్టడం.

"ఇచ్చేవాడు ఎందుకు లొంగాలి మాస్టారూ?"

"ఎందుకు అని అడక్కు. అదంతే. బట్టీ పట్టు."

"అదంతే అంటే ఎలా? మా మెషినులో మీట పైకంటే పైకే. ఇవాళ పైకి, రేపు పక్కకి అంటే చేతులు తెగుతాయి."

"మెషిను వేరు, భాష వేరు."

"ఈ భాషతోనే కదా చెయ్యి తెగ్గొట్టారు!"

ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేవాడు. అలా పెట్టాడంటే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టు. పుట్ అన్న ఒక్క మాటతో వారం రోజులు పోట్లాడాను. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం, పుట్ డౌన్ అంటే చిన్నబుచ్చడం. ఇక పుట్ అప్ విత్. పెట్టు, పైకి, తో. మూడు కలిపితే భరించడమట. "ఏం పెట్టి, ఎవరిని పైకెత్తి, ఎవరితో భరించాలి మాస్టారూ?" అన్నాను. "నాతో అయితే ఇప్పుడు నేను చేస్తున్నది అదే," అన్నాడు ఆయన.

పదో రోజున వదిన వచ్చింది. నా కోసం కాదు. "నా మీద ఏం రాశారో నాకూ తెలియాలిగా," అని మాస్టారితో చెప్పి, కుర్చీ దూరంగా లాక్కుని కూర్చుంది. వెంట తెచ్చుకున్న చిరిగిన దిండుగలీబు ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో కుడుతోంది. నేను ఎప్పటిలాగే ఎందుకని ఎగిరిపడుతుంటే, తల ఎత్తకుండా అంది.

"మనం మాట పడ్డాం అంటాం. ఎక్కడ పడ్డావు, దెబ్బ తగిలిందా అని ఎవరన్నా అడుగుతారా?"

మాస్టారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"పేరు పెడతాం, వంక పెడతాం, ఆశ పెడతాం, తగువు పెడతాం. పెట్టిపుట్టాలి అంటాం. పెట్టడం అంటే ఏమిటని ఇంగ్లీషువాడొచ్చి అడిగితే ఏం చెబుతావు? అదంతే, బట్టీ పట్టు అనే కదా," అంది సూది లాగుతూ. "దాని మీద కోపమెందుకే? భాషేం చేసింది? రాసినవాడు చేశాడు. సంతకం పెట్టినదానివి నువ్వు చేశావు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. నిజమే కాబట్టి ఇంకా నొప్పి. ఆ రోజు నుంచి పాఠం తీరు మారింది. మాస్టారు ఇంగ్లీషు జత చెబితే వదిన దానికి తెలుగు జత చెప్పేది, నేను రాసుకునేదాన్ని. బ్రష్ ఆఫ్, కొట్టిపారెయ్యడం. పాయింట్ అవుట్, ఎత్తిచూపడం. లెట్ డౌన్ వచ్చినప్పుడు మాస్టారు ఆగి, నమ్మినవాళ్ళని నట్టేట ముంచడం అన్నాడు. వదిన కుట్టుకుంటూనే ఉంది. నేను రాసుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి, మాస్టారు చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ ఏడుపు లోపల నాకొకటి అర్థమైంది. ఆ కాగితంలో అబద్ధాలు కొట్టేస్తే సరిపోదు. అందులో రాయకుండా వదిలేసిన నిజం ఒకటుంది. తీగ కట్టిన సంగతి నాకు తెలుసు. కట్టించిందెవరో తెలుసు. తనిఖీ రోజు విప్పిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి. అది చెబితే నా ఇన్‌ఛార్జి పని ఉండదు. చెప్పకపోతే వదిన చెప్పేది ఎవరూ నమ్మరు, ఎందుకంటే రోలరుకి ఇవతల, కడ్డీ వైపు ఉన్నది మేమిద్దరమే.

విచారణకి రెండు రోజుల ముందు మేనేజరు నా బల్ల మీద నోట్‌బుక్కు చూశాడు. ఉతకాల్సిన సంచుల లెక్క పుస్తకం పక్కనే పెట్టుకున్నాను, దాచలేదు.

"ఏమ్మా, ఈ వయసులో ఇంగ్లీషా? ఎవరిని ఉద్ధరించడానికి?" అన్నాడు. పేజీలు తిప్పాడు. నవ్వు తగ్గింది. "చూడు, సంతకం ఒకసారి పెట్టాక మాట మారిస్తే తప్పుడు సాక్ష్యం అవుతుంది. రెండు ఉద్యోగాలూ పోతాయి. అడిగినదానికి అవునను చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

"చూసుకున్నారుగా సార్ ఒకసారి," అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? ఆయన నోట్‌బుక్కు మూసి నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

విచారణ ఆసుపత్రి రెండో అంతస్తులో, డాక్టర్లు సమావేశాలు పెట్టుకునే గదిలో జరిగింది. పొడుగు బల్ల. ఒక చివర పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు, నలభై ఏళ్ళుంటాయి, చక్కటి ఇస్త్రీ చొక్కా. ఆయన పక్కన మేనేజరు. గోడవైపు ఒక టైపిస్టు, గదిలో అన్న ప్రతి మాటా కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ పని. మేం ఇద్దరం ఇటు చివర. నేను నాలుగు వారాలు తయారైంది ఇంగ్లీషుకి. ఆఫీసరు నోరు తెరిస్తే మా వీధిలో మనిషిలా శుభ్రంగా తెలుగు మాట్లాడాడు. నాకు ధైర్యం వచ్చింది.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే సార్."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"కాదు సార్. ఇది ఆయన రాశాడు. నాకు అప్పుడు ఇందులో ఏముందో తెలియదు."

మేనేజరు కుర్చీలో ముందుకి జరిగి ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "ఏముందో తెలియదు అంటే? ఏ వాక్యం తెలియలేదు?"

నేను చెప్పాను. కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. రెండో వరుసలో బ్రష్డ్ ఆఫ్ అని ఉంది, కొట్టిపారేసింది అని అర్థం, ఆవిడ నా మాట ఏదీ కొట్టిపారెయ్యలేదు, ఎందుకంటే నేను ఏ మాటా అనలేదు. మూడో వరుసలో టోల్డ్ ఆఫ్ ఉంది, ఆవిడని ఎవరూ ఎప్పుడూ చీవాట్లు పెట్టలేదు. అయిదో వరుసలో ఓన్డ్ అప్, ఒప్పుకుంది అని. ఏం ఒప్పుకుంటుంది, చెయ్యని తప్పు? ఒక్కోటీ విడదీసి, అర్థం చెప్పి, అది అబద్ధమని చెప్పుకుంటూ పోయాను. వదిన నా పక్కన నిటారుగా కూర్చుని వింటోంది. మాస్టారు ఉండుంటే పొంగిపోయేవాడు.

నేను ఆపాక ఆఫీసరు కాగితం మీద కలం ఆనించి కాసేపు చూశాడు.

"చూడమ్మా, ఇంత వివరంగా ప్రతి మాటకీ అర్థం చెప్పారు. నాక్కూడా ఇంత విడమరిచి చెప్పడం రాదు. ఇంత ఇంగ్లీషు తెలిసినావిడ, ఏముందో తెలియక సంతకం పెట్టానంటే నేనెలా నమ్మాలి?"

మేనేజరు మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు. "అదే సార్ నేనూ అంటున్నది. ఇంట్లో గొడవలై ఇప్పుడు మాట మారుస్తోంది."

నా చెవుల్లో రోలరు తిరుగుతున్నంత హోరు. రాకపోతే రాదని ముంచారు. కష్టపడి నేర్చుకుంటే వచ్చునని ముంచుతున్నారు. ఇక ఏం చేసి బతకాలి మాలాంటివాళ్ళం? నోట్‌బుక్కు చూపిద్దామా, మాస్టార్ని పిలిపిద్దామా అనిపించింది. పిలిపిస్తే ఆయన్నీ అబద్ధాలకోరంటారు. వదిన నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, ఆశా లేదు. అదే నన్ను కుదిపింది.

"సార్, నాకొక తెల్లకాగితం ఇప్పించండి," అన్నాను. "అది ఆయన రాసిన సాక్ష్యం. నా సాక్ష్యం నేను రాసిస్తాను."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు గానీ కాదనలేదు. రాయడానికి పావుగంట పట్టింది. తెలుగులో రాశాను. కడ్డీని తీగతో కట్టించింది మేనేజరు. కట్టింది మెకానిక్కు. తనిఖీ రోజుల్లో విప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది ప్రమాదమని నాకు తెలుసు, తెలిసీ నోరెత్తలేదు. మా వదిన తప్పు ఏమీ లేదు. ఇంగ్లీషు కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టాను, దానికి నేను సిగ్గుపడుతున్నాను, దానికి వేసే శిక్ష నాకు వెయ్యండి. 'సిగ్గుపడుతున్నాను' అన్న మాట రాశాక ఒక్క క్షణం ఆగాను. మిగతాది ఆగకుండా వచ్చింది. కింద సంతకం పెట్టి కాగితం ఆఫీసరు ముందుకి జరిపాను.

ఆయన దాన్ని చూశాడు. తలకిందులుగా పట్టుకోలేదు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు కళ్ళు పేజీ మీద తిరిగాయి.

"నేను తెలుగు మాట్లాడతానమ్మా. చదవడం రాదు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం," అని కాగితం మేనేజరువైపు జరపబోయాడు. "ఏం రాసిందో చెప్పండి."

నేను లేచి కాగితం మీద చెయ్యి పెట్టాను. "ఆయన వద్దు సార్."

"మరి?"

"మీకు అందినట్టు ముందు కింద సంతకం పెట్టండి. దీన్ని చదివి, అర్థం చేసుకుని తీసుకున్నాను అని రాసి పెట్టండి. మా కాగితాల మీద అలాగే రాయిస్తారుగా."

"అర్థం తర్వాత చెప్పించుకుంటానమ్మా. అందినట్టు మాత్రం పెడతాను."

"లేదు సార్. చదివాను, అర్థమైంది అని పెట్టాలి. ఇప్పుడే పెట్టాలి. జరిగిందంతా రాశాను, ఇది పైకి వెళ్తేనే మా వదిన ఫైలు కదులుతుంది."

ఆ మాట వింటూనే మేనేజరు మొహం తేలు కుట్టిన దొంగ మొహమైంది. ఆఫీసరుకి అది తెలియదు. ఆయనకి విసుగొచ్చింది. కలం బల్ల మీద పడేశాడు.

"ఏమిటమ్మా ఇది, పంతాలా? ఏముందో నాకు చదవడమే రాని కాగితం మీద, చదివాను, అర్థమైంది అని సంతకం ఎలా పెట్టమంటారు? నా ఉద్యోగం ఏం కావాలి? బుద్ధి ఉన్నవాళ్ళెవరన్నా అలా పెట్టించుకుంటారా?"

అన్నాడు. అన్నాక తనే ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న ఇంగ్లీషు కాగితం వైపు చూశాడు, దాని కింద నా సంతకం వైపు చూశాడు. మెల్లగా తల తిప్పి మేనేజరు వైపు చూశాడు.

గోడవైపు నుంచి టైపిస్టు అడిగింది. "సార్, ఇప్పుడు మీరన్నది కూడా టైపు చెయ్యమంటారా?"

పొద్దున్నుంచి ఆ గదిలో ఒక్క మాటా మాట్లాడని మా వదిన, ముడుచుకున్న చెయ్యి కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"చెయ్యమ్మా," అంది. "ఆయన అన్నది అన్నట్టే చెయ్యి."